అర్థంకానివాటి పెట్టె

నేను హీబ్రూ చదువుతానన్న రోజు నుంచి తాతయ్య నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళు కళాశాలలో ఫారసీ చెప్పిన మనిషి. ఇంట్లో ఒక్కరన్నా తన దారిన వస్తారని ఆశపడితే, నేను పక్క సందులోకి తిరిగాను. ఆ తరవాత ఆయన చూపు పోయింది. పుస్తకాలన్నీ ఎవరెవరికో ఇచ్చేసి, వంటింటి బల్ల దగ్గర కుర్చీ వేసుకున్నారు. "ఇక నాకూ అక్షరానికీ రుణం తీరిపోయింది" అన్నారు. "తీరితే ఈ బఠాణీలు ఒలవండి" అని అమ్మమ్మ గిన్నె ముందు పెట్టింది. మూడేళ్ళుగా ఒలుస్తూనే ఉన్నారు.

గ్రంథాలయంలో పాత కాగితాలకు చీటీ రాయడం నా పని. ఏ భాష, ఏ కాలం, ఏ విషయం అని. ఆ వారం నా చేతికొక విడి కాగితం వచ్చింది. హీబ్రూ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క మాటా అర్థమైతే ఒట్టు. "సోమవారంలోగా తేల్చు, లేదంటే అర్థంకానివాటి పెట్టెలో వేసేస్తా" అంది మా గ్రంథపాలకురాలు. ఆ పెట్టెలో పడ్డ కాగితాన్ని మళ్ళీ తీసి చూసిన పాపాన ఎవరూ పోలేదు. రాసినవాడెవడో వందల ఏళ్ళు దాటుకుని నా బల్ల దాకా వచ్చాడు. నా చేతకానితనం వల్ల ఇక్కడ ఆగిపోతాడా అనుకుంటే ప్రాణం ఉసూరుమంది.

ఆదివారం పొద్దున ఆ కాగితం నకలు ముందేసుకుని వంటింట్లో కూర్చున్నాను. హీబ్రూ లిపిలో హల్లులే ముఖ్యం, ఇది అచ్చులు సగమే రాసిన రాత. విసుగొచ్చి, తోచిన అచ్చు తగిలించి పైకి చదవసాగాను.

బఠాణీల చప్పుడు ఆగింది.

"ఏం చదువుతున్నావే?"

"హీబ్రూ. మీకు పడదుగా."

"నీ మొహం హీబ్రూ! మళ్ళీ చదువు."

చదివాను. ఆయన ఒక మాటకు అచ్చు మార్చారు. ఇంకో మాటను రెండుగా విడగొట్టారు. నాలుగో చరణానికి వచ్చేసరికి చివరి మాట నాకంటే ముందే ఆయన నోట వచ్చింది. వేళ్ళు గిన్నె అంచు మీద తాళం వేస్తున్నాయి.

"ఇది ఫారసీ పద్యమే పిచ్చిదానా! ఛందస్సు నడక అరబ్బులది. అక్షరాలు మాత్రం నీవి."

మేమిద్దరం గోడకు చెరోవైపు ఉన్నామనుకున్నాం. ఆ రాసినవాడు ఫారసీ మాట్లాడే యూదుడు, వాడి ఇంట్లో అసలు గోడే లేదు. బడిలో నేర్చిన అక్షరాలతో, తల్లి దగ్గర నేర్చిన మాటలను, అరబ్బుల నడకలో రాసుకున్నాడు. వాడికది మామూలు సంగతి.

"ఏమంటున్నాడు తాతయ్యా?"

"చివరి రెండు చరణాలు ఇంకోసారి."

చదివాను. ఆయన గొంతు సర్దుకున్నారు.

"నకళ్ళు రాసి బతికేవాడు. కళ్ళు పోతున్నాయట. 'నా చూపంతా సిరాలో పోశాను. చదివేవాడా, కళ్ళతో చదువుకుని వెళ్ళిపోకు, గట్టిగా చదువు. నీ పక్కన నాలాంటివాడు ఉంటాడు' అంటున్నాడు."

అమ్మమ్మ పొయ్యి కట్టేసింది. తాతయ్య కళ్ళు తుడుచుకుని, గిన్నె పక్కకు తోసి, అరచెయ్యి నా ముందు చాపారు.

"చీటీ రేపు రాద్దువుగానీ, ముందు నీ అక్షరాలు ఒక్కొక్కటే ఇందులో గీసి చూపించు."

బఠాణీలు అమ్మమ్మ తన ముందుకు లాక్కుంది. నేను తాతయ్య అరచేతిలో మొదటి అక్షరం గీశాను.