ఒక కార్డు, నాలుగు చేతులు

పొద్దున ఎనిమిదికే సుబ్బరాయలు తన రొయ్యల షెడ్డులోని ఆడవాళ్ళలో సగం మందిని వెనక గదిలోకి తోలేశాడు. ఖాళీ థర్మాకోల్ పెట్టెల నడుమ పదకొండు మంది. "సర్వే వాళ్ళు పొయ్యేదాకా సద్దు చెయ్యగూడదు" అని చెప్పి బయట గడియ పెట్టాడు. కోడలు సెంగమలం బయట రొయ్యలు ఒలుస్తోంది, అత్త కన్నియమ్మాళ్ లోపల ఉంది.

ఆ షెడ్డులో కూలి లెక్క రాసే కార్డు ఒకరిది, పని ఇద్దరిది. కిలో రొయ్యలు ఒలిస్తే ఇరవై అయిదు రూపాయలు. ఒక్క మనిషి ఎంత గింజుకున్నా రోజుకి పన్నెండు కిలోలు దాటవు. అందుకని ఒక్కొక్కరూ ఇంటి నుంచి తల్లినో, చెల్లెలినో వెంట తెచ్చుకుంటారు. సెంగమలం తల తుంచి పెంకు తీస్తే, కన్నియమ్మాళ్ రొయ్య వీపు మీది నల్ల నరం లాగేస్తుంది. ఇద్దరూ కలిసి ఇరవై నాలుగు కిలోలు, ఆరు వందలు. కార్డు మీద సెంగమలం పేరొక్కటే. రెండో మనిషికి పి.ఎఫ్. కట్టే పని లేదు కాబట్టి సుబ్బరాయలుకి ఈ ఏర్పాటు సుఖంగా ఉంది. ఎలాగో పొయ్యి వెలుగుతోంది కాబట్టి ఆడవాళ్ళూ నోరెత్తలేదు.

ఇప్పుడు, ఈ రొయ్యలు కొనే నాలుగు విదేశీ కంపెనీలు ఒక్క మాట మీదికి వచ్చాయి. పనిచేసే మనిషికి రోజుకి అయిదు వందల ఎనభై వస్తేనే ఇల్లు గడుస్తుందని లెక్క కట్టాయి. తగ్గితే ఆ తేడా నాలుగూ పంచుకుని రొయ్యల ధరలో కలిపిస్తాయట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు కదా! కార్డు లేని మనుషులు బయటపడితే ఆర్డరే పోతుందని సుబ్బరాయలు భయం. తప్పు దాచబోయి, పాపం, మనిషికి మూడు వందలేనని చూపిస్తే తనకి రావలసిన ఎక్కువ ధర కూడా దాచేసుకున్నాడు.

ఎవరికెంత కూలి పడుతోందో చూడమని ఆ కంపెనీలు సర్వేకి పంపిన దీపా నెల్లితోపు పిల్ల, ఇంట్లో తెలుగే. సెంగమలం ముందు టాబ్లెట్ పట్టుకుని నిలబడింది.

"అక్కా, పోయిన నెల మీకు దినానికి ఆరు నూర్లు పడిండాది. సరే కదా?"

"పడింది మా."

"అట్లయితే మీకు ఇంక కూడేది ఏమీ లేదు. ఈడ సైను పెట్టండి."

సెంగమలం వెనక గది గడియ వైపు చూసింది. అత్త వేళ్ళ సందుల్లో పుళ్ళు. ఐసు నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు దక్కవని సర్కారు ఆస్పత్రి డాక్టరు చెప్పి నెలైంది. ఆమె మానేస్తే మూడు వందలు పోతాయి. అందుకే ఇవాళ పొద్దున కూడా వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని, కోడలి వెంట అరియాంకుప్పం బస్సెక్కింది.

"ఏంది చూస్తా ఉండావు? పెట్టు" అన్నాడు సుబ్బరాయలు. వంగి, ఆమె చెవి దగ్గర గొంతు తగ్గించాడు. "పెట్టకపోతే రేపట్నించి మీరిద్దురూ రావద్దు."

సెంగమలం చేతులు తుడుచుకుంది.

"ఈ ఆరు నూర్లు ఎంతమందికని రాసినావు మా?"

"ఒకరికే కదక్కా. కార్డులో మీ పేరొక్కటే కదా."

"నేను ఒలిచేది పన్నెండు కిలోలే. తక్కిన పన్నెండు ఒలిచిన చేతులు యాడుండాయో చూపిస్తా, రా."

"సెంగమలం!" అని సుబ్బరాయలు అడ్డం వచ్చాడు. ఆమె ఆగలేదు. వెనక గది గడియ తీసి తలుపు తోసింది.

పదకొండు మంది పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ లేవలేదు. కన్నియమ్మాళ్ గబుక్కున చేతులు కొంగులో దాచుకుంది. దీపాని చూడలేదు, సుబ్బరాయలు మొహమే చూసింది.

"నన్ను యాలనే చూపిస్తావు?" అంది ఏడుపు గొంతుతో. "ఉండే పని కూడా పోతుంది కదే. ముయ్యి తల్లీ, తలుపు ముయ్యి."

సెంగమలం తలుపు మాత్రం మూయలేదు.