భాలుకి రాజ్మా

నేను తప్పు చెయ్యను. చేసినా ఒప్పుకోను. ఈ సంగతి మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలాంటి నేను ఆ ఏడు చైత్రం పండగకి నలుగురిలో నిలబడి తప్పు ఒప్పుకున్నాను. అదీ ఒక కుక్క మూలంగా.

కుక్క పేరు భాలు. ఒడియాలో భాలు అంటే ఎలుగు. నల్లగా బొద్దుగా ఉందని మా అయ్య ఆ పేరు పెట్టాడు. డొంకరాయి వైపు నుంచి గూడెం కొత్తవీధి దగ్గర ఈ ఊరికి నేను కాపురానికి వచ్చేటప్పుడు బస్సులో నా ఒళ్ళో కూర్చుని వచ్చింది. పుట్టింటి నుంచి నాకంటూ వచ్చింది అదొక్కటే. దాని జోలికి ఎవరొచ్చినా ఊరుకునేదాన్ని కాదు.

తొంభై తొమ్మిది చలికాలంలో దానికి దురద పట్టుకుంది. చెవులు, పొట్ట, కాళ్ళ సందులు గోక్కుని గోక్కుని బొచ్చంతా రాలిపోయింది. మా ఊరి పెద్ద గాసి వచ్చి చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఇది గజ్జే. పండగకి మనోళ్ళతో ఊరి కుక్కలన్నీ కలిసి వేటకి పోతాయి. దీన్ని కలిపితే అన్నిటికీ అంటుద్ది. పండగ నాటికి తగ్గిందా, సరి. లేదంటే ఘాటీ రోడ్డు దింపి కింద ఒగ్గేసి వచ్చీ."

"తగ్గుద్ది," అన్నాను. ఎలా తగ్గుతుందో నాకే తెలియదు. అయినా అన్నాను.

కొత్తవీధిలో పశువుల డాక్టరు లక్ష్మీప్రసాద్ దాని చర్మం గీకి, భూతద్దం కింద పెట్టి చూశాడు.

"గజ్జి కాదమ్మా. పురుగు లేదు, ఎవరికీ అంటుకోదు. తినేదేదో దీనికి పడటం లేదు. ఏం పెడుతున్నావు?"

"మేం తిన్నదే."

"అదంతా మానెయ్యి. ఇది పుట్టాక ఎన్నడూ తినని వస్తువులు రెండు చూసుకో. ఎనిమిది వారాలు అవే పెట్టు. వేరేది ఒక్క మెతుకు నోట్లో పడినా మళ్ళీ మొదటికొస్తుంది."

ఎన్నడూ తిననిది ఏముందా అని దారంతా ఆలోచించాను. రాజ్మా. మేం పండిస్తాం, సంతకి పంపుతాం, మా కుండలో మాత్రం పడదు. రెండోది చిలగడదుంప. డాక్టరు సరేనని, గింజలు రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికించమన్నాడు. దానితోపాటు వారానికి రెండుసార్లు వేపాకు కాచిన నీళ్ళతో స్నానం. అది పడుకునే గడ్డి తీసేసి ఉతికిన గోనెసంచి పరిచాను.

ఊరంతా నవ్వింది. "ఏటే కనకా, కుక్కకి రాజ్మా, నీకు అంబలా?" అన్నాడు గాసి.

"అవును. నీకేటి నొప్పి?" అన్నాను.

మా ఆయన ఫల్గుణ ఆ నెలల్లో డొంకరాయిలో కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. ఇంట్లో నేను, మా అత్త సోములమ్మ, భాలు. ఎవరూ ఏమీ వెయ్యకుండా దాన్ని మా వాకిట్లోనే కట్టేశాను. రోజూ నా చేత్తో నేనే పెట్టాను. నాలుగు వారాలైంది. గోకుడు రవంతైనా తగ్గలేదు. నాకు పిచ్చెక్కిపోయింది. నేను సరిగ్గానే చేస్తున్నాను కాబట్టి, తప్పు ఇంకెవరిదో అయి ఉండాలి.

ఇంకెవరు? మా అత్త. ఎండుచేప పులుసు లేనిదే ఆమెకు ముద్ద దిగదు. పైగా భాలు అంటే ముద్దు. ఇదివరకు చేప తలకాయ దానికే వేసేది. ఒకరోజు గాసి మా వాకిట్లో ఉండగానే, ఇరుగుపొరుగు వింటుండగానే అడిగేశాను.

"దొంగచాటుగా చేప పెడతన్నావు కదూ? నా కుక్కని ఘాటీ దింపితే నీకు సంబరమా?"

ఆమె నా మొహం వైపు చూసింది. "నేను పెట్టలేదే గుంటా," అంది, అంతే.

మర్నాటి నుంచి మా అత్త ఇంట్లో తినడం మానేసింది. కంచం పట్టుకుని పక్కింటి అరుగు మీదకి పోయేది. పోతే పోనీ అనుకున్నాను. ఇక భాలు తేరుకుంటుందని అందరికీ ధీమాగా చెప్పాను కూడా.

పది రోజులు గడిచాయి. భాలు గోక్కుంటూనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఎండుచేప పులుసుతో అన్నం తిని, ఎప్పటిలాగే కంచంలో చెయ్యి కడుక్కున్నాను. మాలో ఎంగిలి నీళ్ళు నలుగురు తొక్కేచోట పొయ్యరు. వాకిట్లో రాతి తొట్టిలో పోస్తాం, కుక్క తాగుతుంది. మా అవ్వ అలాగే పోసేది, మా అమ్మా అంతే. పోశాను. భాలు గొలుసు లాక్కుంటూ వచ్చి, రాజ్మాకి కూడా చూపని ఆత్రంతో ఆ నీళ్ళు నాకేసింది. అడుగున పులుసు జిడ్డు మిగిలితే అదీ నాకింది.

పది రోజులుగా మా అత్త ఇక్కడ తినడం లేదు. ఆ తొట్టిలో పడుతున్నది నా ఒక్కదాని ఎంగిలే. ఏం తింటుందని డాక్టరు అడిగాడు, ఏం తాగుతుందని అడగలేదు. నాకూ తోచలేదు.

తొట్టి బోర్లించాను. భాలుకి వేరే కుండలో మంచినీళ్ళు పెట్టాను. ఊళ్ళో ఎవరికీ ఏమీ చెప్పలేదు. సిగ్గేసింది.

మూడో వారానికి గోకుడు ఆగింది. పొట్ట మీద ఎరుపు పోయి నల్లగా నూగు మొలిచింది. డాక్టరుకి మాత్రం తొట్టి సంగతి చెప్పాను. ఆయన చూసి సంతోషించి, "చేపే కారణమని ఖాయం చేసుకోవాలంటే ఒకసారి చేప పెట్టి చూడాలమ్మా," అన్నాడు.

"చూడాలంటే మీ కుక్కకి పెట్టుకోండి," అని వచ్చేశాను.

పండగనాడు గాసి అందరి ముందూ భాలు చెవులు తిప్పి చూశాడు, పొట్ట నిమిరాడు. "వేటకి పోవచ్చు," అన్నాడు. తర్వాత మా అత్త వైపు తిరిగి, "సోములమ్మా, నువ్వు చేప పెట్టడం మానేస్తే ఎంత బేగి తగ్గిపోయిందో చూడు," అన్నాడు.

మా అత్త తల వంచుకుంది. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. భాలు ఎలాగూ దక్కింది, నా మాటా నెగ్గింది. కానీ ఆ వంచిన తల చూడలేకపోయాను.

"ఆమె పెట్టలేదు," అన్నాను. "నేనే. రోజూ చేప పులుసు తిన్న చెయ్యి కడిగి ఆ నీళ్ళు నేనే పోశాను. ఆమెను ఊరికే అన్నాను. తప్పు నాది."

గాసి డప్పులవాళ్ళకి సైగ చేసి అటు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మా అత్త కంచం పట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చుంది. ఎండుచేప పులుసు వడ్డించాను. తినడం అయ్యాక అలవాటుగా కంచంలో చెయ్యి కడుక్కోబోయి ఆగిపోయింది. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి, పెరట్లో అరటిమొక్క దగ్గరకి తీసుకెళ్ళి ఆమె చేతి మీద పోశాను.

"ఇంకా పొయ్యి," అంది మా అత్త. "వాసన పోవాల. నీ పుట్టింటోళ్ళ కుక్క కదా."

"మన కుక్క," అన్నాను. మళ్ళీ ఇంకో చెంబుడు పోశాను.