నా ముక్కు, మా కోడలి చేతులు

ముక్కు విషయంలో నన్ను మించినవాడు గోదావరి జిల్లాల్లో పుట్టలేదు. మూడు వీధుల అవతల పోపు వేగుతుంటే ఆ ఇంగువ ఏ కొట్లో కొన్నారో చెప్పేవాణ్ణి. తాసిల్దారుగారు పొద్దున తిన్న పెసరట్టులో అల్లం ఎక్కువైందని దూరం నుంచే చెబితే, ఆయన జీపు దిగి నాకు దండం పెట్టాడు.

ఈ ముక్కుతో రెండువేల ఇరవై ఫిబ్రవరిలో జర్మనీ వెళ్లాను, బ్రేమర్‌హావెన్ అనే ఓడరేవు ఊళ్లో మా అబ్బాయి భార్గవ్ ఇంటికి. మూడు నెలలకని వెళ్లినవాణ్ణి, విమానాలు ఆగిపోయి, అవి తిరిగాక నా భయం ఆగక, ఏడాది పైన ఉండిపోయాను. భార్గవ్ మాగ్డెబర్గ్‌లో చదువు మధ్యలో వదిలేసి, ప్రయాణికుల ఓడలకు సరుకులెక్కించే పనిలో చేరాడు. నేను దిగిన నెలకే ఓడలు ఆగాయి, పని పోయింది. ఇంటి మీటె, అదే అద్దె, కట్టేది మా కోడలు ఆండాళ్.

వైష్ణవుల పిల్ల. చేపల ఫ్యాక్టరీలో పని. చలిగదిలో నిలబడి, చేపముక్కల్లో మిగిలిన ముళ్లు చిన్న పట్టకారుతో లాగాలి. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే నేను సోఫాలోంచి అనేవాణ్ణి, "అమ్మాయ్, చేపల కంపు." కోటు బాల్కనీలో తగిలించి, నిమ్మచెక్కతో మోచేతులదాకా రుద్దుకుని, స్నానం చేసి వంట చేసేది. మాకు బల్ల మీద వడ్డించి, తను చెప్పుల స్టాండు పక్కన స్టూలు మీద తినేది. వండేటప్పుడు రాని కంపు కంచం ముందు కూర్చుంటే ఎలా వచ్చేదో ఎవరూ అడగలేదు.

"నాన్నకి వాసన పడదు, తెలుసుగా. కడుక్కోవడం పది నిమిషాల పని, దానికి మొహం మాడ్చుకోవడమెందుకు?" అనేవాడు భార్గవ్. ఫోన్లో బంధువులతో, "ఫుడ్ కంపెనీలో క్వాలిటీ చూస్తుంది" అనేవాడు. అప్పుడామె వీడియోలో కనపడకుండా పక్కకి జరిగేది.

నవంబరులో ముగ్గురికీ కరోనా వచ్చింది. గంజి కాచింది ఆమే, జ్వరంతోనే. ఆ పది రోజులూ ఎవరికీ ఏ కంపూ రాలేదు.

తర్వాత ఫిబ్రవరిలో హోటళ్లు మూతబడి చేపలు అడిగేవాళ్లు తగ్గారు. కుర్త్స్‌ఆర్బైట్ అన్నారు ఫ్యాక్టరీవాళ్లు, మూడు రోజులు పనికి రావద్దని. ఇంట్లో చెబితే ఆ మూడు రోజులూ వంటింట్లోనే పోతాయని ఆండాళ్ చెప్పలేదు. రోజూలాగే బయల్దేరి, నది గట్టు మీద బెంచీలో కూర్చుని ఓడల్ని చూసిందట. బస్సులో ఎప్పుడూ వెనక సీటు వెతుక్కునే మనిషి, గ్లోవ్స్ తీయాలంటే సిగ్గుపడే మనిషి, అక్కడ ఎవరూ లేకుండా చూసుకుని తన వేళ్లు వాసన చూసుకుందట. ఉత్త గాలి వాసన. చిన్నప్పుడు పూలు గుచ్చిన వేళ్లు ఇవేనా అనుకుందట. సాయంత్రం ఇంటికొస్తే సోఫాలోంచి నేను, "అమ్మాయ్, చేపల కంపు." ఆమెకి కోపం రాలేదు. బాత్రూంలోకి పోయి మళ్లీ తన చేతుల్నే అనుమానించింది. చర్మం లేచేదాకా రుద్దింది. రెండోరోజూ అదే మాట, అదే రుద్దుడు.

మూడోరోజు నేను అదే మాట అంటే, బాత్రూంలోకి పోకుండా ఇంగువ డబ్బా మూత తీసి, నా వెనకగా వచ్చి, ముక్కుకి జానెడు దూరంలో పట్టుకుంది.

"ఏం వాసన, మావయ్యగారూ?"

"చేపలు" అన్నాను, టీవీలోంచి కళ్లు తిప్పకుండా.

డబ్బా నా ముందు పెట్టింది. "మీ ముక్కు ఎప్పుడు పోయింది?"

నవంబరులోనే పోయింది. ఒప్పుకుంటాను, ఆ ముందు కూడా అదేం గొప్ప ముక్కు కాదు. తాసిల్దారు నాకు దండం పెట్టలేదు, అసలు మా ఊరికి జీపు వచ్చే దారే లేదు. కానీ ఆ ఇంట్లో నాకు మిగిలిన ఉద్యోగం ఆ ఒక్క మాటే.

"నా చేతులు నావి కావనిపించేలా చేశారు" అంది, గొంతు పెంచకుండా. కోటు విప్పలేదు. అలాగే వండి, మాకు వడ్డించి, స్టూలు లాక్కొచ్చి బల్ల దగ్గర వేసుకుని, కంచం పెట్టుకుంది. "ఏమిటిది, ఆండాళూ?" అన్నాడు భార్గవ్. "అన్నం" అంది. "రేపటినుంచి ఇలాగే వస్తాను, ఇక్కడే తింటాను. వాసనొస్తే మీరు లేచి వెళ్లండి."

ఇద్దరం లేవలేదు. నేను తలొంచుకుని, "తప్పయిందమ్మా" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని నాకు మజ్జిగ పోసింది.

ఇంగువ నిజం, స్టూలు నిజం, మజ్జిగా నిజమే. "తప్పయిందమ్మా" ఒక్కటే నేను కల్పించింది. విమానం ఎక్కేదాకా ఆ మాట నా నోట రాలేదు. ఆ సాయంత్రం మజ్జిగ తాగి నేను నిజంగా అన్నది, "ఉప్పు తక్కువైంది" అని. ముక్కుతో పాటు రుచి కూడా నాకు నవంబరులోనే పోయింది.