సాగనంపే ఏడుపు

నాకు నోరాగదు. "కళ్యాణీ, నీ నోరే నీ కొంప ముంచుతది" అని మా అమ్మ చిన్నప్పటి సంది మొత్తుకుంటనే ఉంది. మునిగింది నా కొంప అయితే గింత బాధ లేకుండె. ఒక ముసలామె కొంప మీదికి తెచ్చిన. తప్పు నాదే, కానీ ఎంత తప్పు, ఏం తప్పు అంటే ఇప్పటికీ సమజ్ గాలే.

జూలూరుపాడు దాటినంక అడివి మొదలయ్యే కాడ ఒక స్టేషన్‌ల నేను కానిస్టేబుల్‌ని. పుట్టింది తండాల. ఇంట్ల లంబాడీ భాష, బయట తెలుగు. స్టేషన్ మొత్తంల ఆ భాష వచ్చింది నా ఒక్కదానికే, అందుకే తండా కేసు ఏదొచ్చినా "కళ్యాణమ్మా, జీపెక్కు" అంటరు.

ఈ కేసు లాస్యది. నాలుగేండ్ల పిల్ల. పోయినేడు అంగట్ల మాయమైంది. తండ్రి బొగ్గు గనిల డంపర్ నడుపుతడు, తల్లి సరిత బట్టల షాపుల పని చేస్తది. తండా పక్కనే రోడ్డు మీద కిరాయికుంటరు. పగలంత పిల్లను తండాల సక్రి దగ్గర ఇడిసి పోతుండె. సక్రికి అరవై దాటినయ్, ముందూ ఎనకా ఎవలు లేరు. రెండేండ్లు సాకింది. పిల్ల ఆమెను "యాడీ" అని పిలుస్తుండెనట. మా భాషల యాడీ అంటే అమ్మ.

ఆ రోజు అంగట్ల మిరపకాయలు బేరమాడుకుంట సక్రి పిల్ల చెయ్యి ఇడిసింది. మళ్ళి చూస్తే లేదు. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె పిల్లను పట్టుకొని తల్లాడ బస్సు దిక్కు పోవుడు చూసిన అని చెప్పింది, ఎనుక ఉరికిందట గని అందలే. చూసిన అని చెప్పింది ఆమె ఒక్కతే. మావోళ్ళు బస్సులు ఆపి చూసిండ్రు, కెమెరాలు చూసిండ్రు, ఇటు పర్ణశాల దాక పోయి ఫోటో చూపించి అడిగిండ్రు. ఏడాది దాటింది. పిల్ల దొరకలే, ఆకుపచ్చ చీరామె దొరకలే.

మొన్న కొత్త ఎస్సై వచ్చిండు, శివకుమార్ సారు. మధిర దిక్కు మనిషి, మాట మెత్తన. చెడ్డోడు కాదు పాపం. కానీ మొహం చూసి అబద్ధం పట్టుడెట్ల అని హైదరాబాద్‌ల రెండు రోజుల ట్రైనింగ్ అయ్యి వచ్చిండు. ఇగ చూడు తమాషా! నేను చాయ్ వద్దు సార్ అన్నా "నీ కళ్ళు వేరే చెబుతున్నాయమ్మా" అంటడు. నా కళ్ళు ఏం చెప్తున్నయో నాకు తెల్వదా?

లాస్య ఫైల్ల ఒక వీడియో ఉంది. అంగట్ల ఎవడో ఫోన్ల తీసిండు. పిల్ల పోయిన అర్ధగంటకు సరిత ఉరికొచ్చింది, సక్రి ఆమె మెడ పట్టుకొని ఏడుస్తుంది. ఉత్త ఏడుపు కాదు, రాగం తీసి ఏడుపు. అది ఊరంత తిరిగింది. "ఏం యాక్టింగ్" అని ఒకడు రాసిండు, "పాట మంచిగుంది" అని ఇంకొకడు. థూ, మీ బతుకులు పాడుగాను!

"ఇది శోకం కదమ్మా," అన్నడు సారు. "శోకాలు పెట్టేది పోయినవాళ్ళకి. అర్ధగంటలోనే పిల్ల చచ్చిపోయిందని ఈవిడకెట్లా తెలుసు?"

నేను ఈ స్టేషన్‌కు వచ్చి ఆరు నెలలే, ఆ వీడియోను చెవి పెట్టి ఎన్నడూ ఇనలే.

ఆడమనిషిని స్టేషన్‌కు పిలువొద్దు గదా, మేమే తండాకు పోయినం. జీపు ఆగుడే ఆలస్యం, సరిత రోడ్డు మీది షాపుల పని ఇడిసి ఉరికొచ్చింది. ఏడాది సంది జీపు కనవడితే చాలు, ఉరికొస్తది. చిక్కి సగమైంది. అన్నం సయిస్తలేదట. సక్రి మంచమేసి కూసోమన్నది, సారుకు నీళ్ళిచ్చింది. సారు ఫోను మంచం మీద పెట్టి సౌండు మొత్తం పెంచిండు.

అప్పుడు ఇన్న నేను. మొదటిసారి ఆ మా భాష మాటలు సక్కగ ఇనవడ్డయ్. "నా వాకిలి మర్వకు బిడ్డా. పోయిన ఇంట్ల సల్లగ బతుకు. నిన్ను సాకిన చేతులు యాదికుంచుకో." నా పెండ్లిల నా మెడ పట్టుకొని మా మేనత్తలు ఇదే ఏడిచిండ్రు!

"సార్, ఇది సచ్చినోళ్ళ ఏడుపు కాదు!" అన్న. గట్టిగనే అన్న, గెలిచినట్టు. "మా దాంట్ల దీన్ని ఢావ్లో అంటరు. పెండ్లయ్యి పిల్ల పోతుంటే ఏడుస్తరు. పిల్లను ఇచ్చి సాగనంపేటప్పుడు."

నోట్లకెళ్ళి మాట వచ్చినంక తెలిసింది. సారు పెన్ను ఎత్తిండు. "ఇచ్చి సాగనంపేటప్పుడా?" అన్నడు మెల్లగ.

అయ్యో నా నోరు మండ. సచ్చింది అన్న అనుమానం తీయబోయి, ఇచ్చింది అన్న అనుమానం తగిలించిన. నాకే మనసుల పురుగు తొలిసింది. నిజంగనే ఇచ్చిందా? ఇయ్యకపోతే ఇన్ని ఏడుపులుండంగ అదే ఎందుకు ఏడ్చింది? మా భాషలనే అడిగిన, "యాడీ, ఆ ఏడుపు ఎందుకేడ్చినవ్?"

సక్రి నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు తండా పిల్లవేనా?" అన్నది. "సచ్చినోళ్ళ ఏడుపు ఏడిస్తే పిల్ల నిజంగనే సచ్చిపోతదని భయమైంది. మరి ఏది ఏడ్వాలె? సచ్చినోళ్ళకు ఒకటుంది, అత్తగారింటికి పోయేదానికి ఒకటుంది, శానా దినాలకు సుట్టమొస్తే ఒకటుంది. దొంగలెత్కపోయిన పిల్లకు ఏ ఏడుపో మా అమ్మ నాకు నేర్పలే బిడ్డా."

ఉన్నదున్నట్టు తెలుగుల చెప్పిన. సారు గడ్డం గోక్కున్నడు. ట్రైనింగుల గీ ముచ్చట చెప్పలేదేమో. నమ్మినట్టే ఉన్నడు, నమ్మనట్టే ఉన్నడు. నేను మాత్రం? నమ్మిన. మళ్ళ నిమిషానికి ఆమె ఒక్కతే చూసిన ఆకుపచ్చ చీర యాదికొచ్చింది. నమ్మకం ఊగిసలాడింది.

సరిత మాత్రం సక్రి చెప్పింది ఇననే లేదు. ఆమె 'పిల్లను ఇచ్చి' అన్న నా మాట కాడనే ఆగింది. లేచి వచ్చి సక్రి ముందు కూసొని రెండు చేతులు పట్టుకున్నది. కొడ్తదేమో అని నేను అడ్డం పోయిన. కొట్టలే. నవ్వుతుంది! ఈ ఆరు నెలల్ల ఆమె నవ్వుడు నేను చూడలే.

"ఇచ్చినవా పెద్దమ్మా?" అన్నది. "నాకేం కోపం లేదు, ఒట్టు. ఇస్తే ఏడనో ఒక ఇంట్ల ఉన్నట్టే గదా. తింటున్నట్టే గదా. కేసు వద్దంట, కాగితం మీద రాసిస్త. ఇచ్చినవా?"

సక్రి ఆమె మొహం దిక్కు చూసింది. ఎనుకట పిల్ల జ్వరమొచ్చి పండుకుంటే గిట్లనే చూస్తుండెనేమో. తర్వాత తెలుగులనే అన్నది, అందరికీ సమజయ్యేటట్టు.

"అవ్. ఇచ్చిన."

సారు నిటారుగ కూసున్నడు. "ఎవరికి? పేరు చెప్పు. ఏ ఊరు?"

సక్రి నా దిక్కు మళ్ళింది. మా భాషల మెల్లగ అడిగింది. "ఎవలకిచ్చిన అని చెప్పాలె బిడ్డా?"

"ఏమంటుంది కళ్యాణమ్మా? జల్దీ చెప్పు," అన్నడు సారు.

చెప్తే సరిత మొహం మీద ఆ నవ్వు పోతది. చెప్పకపోతే ముసలామె జైల్ల పడతది, లేని పేరు ఎనుక మేము ఊరూరు తిరుగుతం. ఏది పాపమో, ఏది పుణ్యమో నాకెవలు చెప్పాలె?

చెప్పిన. "ఎవరికిచ్చిన అని చెప్పాలె అని నన్ను అడుగుతుంది సార్. ఆమె ఎవలకూ ఇయ్యలే."

సారు పెన్ను కింద పెట్టిండు. నేను సరిత దిక్కు చూడలేక చూసిన. ఆమె సక్రి చేతులు ఇడిసిపెట్టలే. ఇంకా గట్టిగ పట్టుకున్నది.

"మంచోళ్ళకు ఇచ్చిన అని చెప్పు పెద్దమ్మా," అన్నది.