బిందెగాడికి చావు లేని సినిమా

నేను ఒక వీడియో గేమ్ పెట్టెని. మనిషంత ఎత్తు, రెండు బియ్యం బస్తాల బరువు, ముఖాన గాజు, పొట్ట మీద ఎర్ర గుండున్న హ్యాండిలు, దాని పక్కన రెండు బొత్తాలు. నా బుర్ర సముద్రాలు దాటి వచ్చింది. ఒళ్లు మాత్రం మద్రాసులో ఓ వడ్రంగి చేశాడు. ఎవరిదో పెళ్లిమంచం చెయ్యగా మిగిలిన చెక్కతో చేశాడని, అందుకే నా మీద చెయ్యేసినవాడెవడూ తొందరగా వదలడని నేను అందరికీ చెబుతుంటాను. కాదనడానికి ఆ వడ్రంగి ఇప్పుడు లేడు.

నా లోపల ఒకడుంటాడు. వేలెడంత మనిషి, పసుపు చొక్కా, నెత్తి మీద నీళ్ల బిందె. ఎదురుగా అంటుకుపోతున్న మేడ. వాడు మెట్లెక్కుతూ, రాలే దూలాలు తప్పించుకుంటూ, మంట కనబడినచోటల్లా నీళ్లు కొడుతూ పైకి పోవాలి. అంతే ఆట. వాడి పేరు మొదట్లో నా తెర మీద పడుతుంది గానీ, ఆ అక్షరాలు చదవగలిగినవాడు భీమవరంలో లేడు. జనమే వాడికి బిందెగాడని పేరు పెట్టుకున్నారు. అదే ఖాయమైంది.

భీమవరంలో నా కాపురం సినిమాహాలు సైకిల్ స్టాండు పక్కన, గుబ్బల మంగతాయారు గారి గేమ్స్ షాపులో. టిక్కెట్లు దొరకనివాళ్లు వచ్చి నా ముందు నిలబడేవాళ్లు. ఒక వేసవిలో ఎంత జనం మూగారంటే, టిక్కెట్లు దొరికినవాళ్లు కూడా నా దగ్గరే ఉండిపోయారని, లోపల సినిమా ఖాళీ కుర్చీలకి ఆడిందని, చివరికి ఆపరేటరు కూడా రీలు ఎక్కించేసి కిందికి దిగొచ్చాడని ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే.

మూడో అంతస్తులో కుడిపక్క నుంచి ఒక దూలం పడుతుంది. కొత్తవాడు ఎవడైనా అక్కడ చావాల్సిందే. బిందె దొర్లిపోతుంది, నేను ఏడుపు రాగం ఒకటి వాయిస్తాను, బిందెగాడు మళ్లీ కింద మొదటి మెట్టు మీద లేచి నిలబడతాడు. రెండోసారి వచ్చేసరికి వెనక నిలబడ్డవాళ్లందరూ ఒకటే కేక, ఎడమకి, ఎడమకి అని. ఆడేది ఒకడే అయినా చచ్చేది అందరూ. అలా చచ్చి చచ్చి ఒక్కో అంతస్తూ నేర్చుకునేవాళ్లు.

వాడు ఎందుకు ఎక్కుతున్నాడో నా బుర్రలో ఎవరూ రాసిపెట్టలేదు. దాంతో ఎవడి కథ వాడిది. పైన వాడి పెళ్లాం చిక్కుకుపోయిందనేవాడు కొత్తగా పెళ్లయినవాడు. కాదు, గేదె ఉందనేవాడు చేపల చెరువు కాపలాదారు. గేదె మేడెలా ఎక్కిందంటే, చెరువులో పడిన గేదెని చూసినవాడికి ఆ అనుమానం రాదనేవాడు. మంగతాయారు గారు మాత్రం, అది వాడి సొంత ఇల్లు కాబట్టి ఎక్కుతున్నాడనేది.

వీళ్లందరిలో నాకు నచ్చిన చెయ్యి లింగానిది. పూర్తి పేరు కనకలింగేశ్వరం. కాలేజీకని బయల్దేరి నా దగ్గర ఆగిపోయేవాడు. ఆట గొప్పగా ఆడతాడని కాదు. చావడంలో వాడికున్న ఓపిక మరొకరికి లేదు. చచ్చిన ప్రతిసారీ తల ఓ పక్కకి వంచి, ఎక్కడ తప్పామా అని చూసి, మళ్లీ మొదలెట్టేవాడు. కాలేజీలో కూడా అదే పద్ధతి పాటించాడని వాళ్ల నాన్న బాధ.

తర్వాత లింగం సినిమాల్లో చేరతానని హైదరాబాదు వెళ్లిపోయాడు. ఇంటింటికీ కంప్యూటర్లొచ్చి, జేబుల్లోకి ఫోన్లొచ్చి నా షాపు మూతపడింది. మంగతాయారు గారు నన్ను పెరట్లో పెట్టి, నా నెత్తిన పళ్లెం పెట్టి వడియాలు ఎండబెట్టుకునేది. ఆ వడియాల రుచికి కారణం నా వేడేనని నా నమ్మకం, నాకు కరెంటు లేకపోయినా.

ఒకరోజు లింగం వ్యాను వేసుకొచ్చాడు. గడ్డం పెరిగింది, చొక్కా ఖరీదైంది. ఎవరెవరి దగ్గరో అసిస్టెంటుగా చేసి చేసి, ఇప్పుడు డైరెక్టరయ్యాడట. మొదటి సినిమా బిందెగాడి మీదే తీస్తాడట. మంగతాయారు గారు వడియాల పళ్లెం దించింది.

“తీసుకెళ్లరా. నాకేం ఇవ్వక్కర్లేదు. మనవాణ్ణి మనవాడిలాగే చూపించు. చంపు, మళ్లీ లేపు. అంతే నేనడిగేది,” అంది.

“చావకపోతే వాడు బిందెగాడెందుకవుతాడు పిన్నిగారూ?” అన్నాడు లింగం.

ఆ మాట నేను వ్యానులో హైదరాబాదు దాకా పట్టుకెళ్లాను.

నిర్మాత త్రిమూర్తులు గారు చెడ్డమనిషి కాదు. కథ విన్నరోజు కళ్లు తుడుచుకున్నాడు కూడా. మెట్ల మీద చచ్చిపోయి, మళ్లీ కింద లేచి, క్రితంసారి కన్నా ఒక్క మెట్టు ఎక్కువ ఎక్కే మనిషి కథ. వినడానికి బాగుందన్నాడు. ఇది పోతే లింగాన్ని మళ్లీ ఎవరూ పిలవరని ఆఫీసులో అందరికీ తెలుసు. మా బిందెగాడికి మూడు లైఫులుంటాయి. సినిమా డైరెక్టరుకి ఒకటే.

ముహూర్తం రోజు నాకు బంతిపూల దండ వేశారు. నుదుట పసుపు, కుంకుమ. కొట్టిన కొబ్బరికాయ నీళ్లు కొన్ని నా స్పీకర్లోకి పోయాయి, ఆ గురగుర ఇప్పటికీ ఉంది. మొదటి షాటు ఏమిటంటే, హీరోగారు నా హ్యాండిలు పట్టుకుని, “మొదలెడదామా?” అనాలి. ఓ పెద్దాయన క్లాప్ కొట్టాడు. హీరోగారు ఆ మాట బ్రహ్మాండంగా అన్నాడు. అని ఊరుకోవచ్చు కదా. హ్యాండిలు తోశాడు. ఆయన నన్నెప్పుడూ ఆడలేదు. బిందెగాడు చకచకా మూడు అంతస్తులెక్కాడు, కుడిపక్క నుంచి దూలం పడింది, చచ్చాడు.

నేనేం చెయ్యను, నా ధర్మం ప్రకారం ఏడుపు రాగం వాయించాను. కొబ్బరినీళ్లు తాగిన గొంతుతో అది మరీ ఘోరంగా వచ్చింది. పూలు చల్లబోయినవాళ్ల చేతులు అలాగే ఆగిపోయాయి. హీరోగారి వెంట వచ్చినవాళ్లలో ఒకాయన గుండె పట్టుకుని కూర్చున్నాడు. నిజానికి హీరోగారు ఒక్కడే నవ్వాడు. మళ్లీ ఆడదామని చెయ్యి కూడా చాపాడు. ఆ చేతిని వెనక్కి లాగేశారు.

త్రిమూర్తులు గారు లింగాన్ని నా వెనక్కి తీసుకెళ్లాడు.

“ముహూర్తం షాట్లో చావేంటయ్యా? డిస్ట్రిబ్యూటర్లందరూ చూశారు.”

“అది ఆటండి. అందులో చావు మామూలే.”

“ఆటలో మామూలేనయ్యా. నా బ్యానర్లో కాదు. రాహుకాలం వచ్చేలోపు వాడు బతకాలి.”

నా వీపున ఉన్న తలుపు లోపల చిన్న స్విచ్చు ఒకటుంది. మెకానిక్కు నన్ను పరీక్ష చేసుకోవడానికి పెట్టింది. అది నొక్కితే బిందెగాడికి చావుండదు. దూలాలు వాడిలోంచి గాలిలా పోతాయి. ఆ సంగతి అక్కడ తెలిసింది లింగానికొక్కడికే. చాలాసేపు నా వీపు మీద చెయ్యేసి నిలబడ్డాడు. తర్వాత తలుపు తీసి నొక్కాడు. రెండోసారి తీసిన షాట్లో బిందెగాడు చావలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మిఠాయి పంచారు. హీరోగారు కాసేపు ఆడి, ఆవలించి లేచిపోయాడు. ఆ ఆవలింత నేను చూశాను. త్రిమూర్తులు గారు మిఠాయి డబ్బాలు చూసుకుంటున్నాడు.

తర్వాత కథాచర్చలకి నన్ను గదిలో ఓ మూల నిలబెట్టారు, పెసరట్ల పళ్లేలకి అందుబాటుగా. అందువల్ల జరిగిందంతా నాకు తెలుసు. హీరో చావడని తేలిపోయింది కదా. చావనివాడికి మంటంటే భయమేముంటుంది? కాబట్టి విలన్ను తెచ్చారు. విలన్ ఉన్నాక హీరో చేతిలో తుపాకీ ఉండాలన్నారు. తుపాకీ పట్టినవాడి నెత్తిన బిందె బాగోదు, పైగా జుట్టు కనబడదు. బిందె హీరోయిన్‌కిచ్చారు. బిందెతో అమ్మాయి వస్తే ఏటి ఒడ్డున పాట లేకపోతే ఎలా అన్నారు. ఏటి ఒడ్డున అంతెత్తు మేడేమిటని ఇంకొకరికి అనుమానం వచ్చింది. మేడని ఇంటర్వెల్‌కి జరిపారు. ఏ మాటకామాట విడిగా వింటే న్యాయంగానే ఉంది. అన్నీ కలిపి చూస్తే నా వాడు లేడు.

లింగం మొదట్లో గట్టిగానే పోట్లాడాడు. ఒకరోజు ఫైటు మాస్టరు, పెద్దమనిషి, తనకి తోచింది చెప్పాడు.

“ఒక్క మాట డైరెక్టరు గారూ. హాల్లో కూర్చున్నోడి చేతిలో హ్యాండిలుండదు కదండి. ఆ చేతులు చేసే పని ఇంకెవడో చెయ్యాలి. వాడే హీరో. అది వేరే మనిషండి, మీ ఆటలోవాడు కాదు.”

ఆ రోజు నుంచి లింగం పోట్లాట తగ్గించాడు. ఒక్క షాటు మాత్రం కాపాడుకున్నాడు. మంటల్లో మూడో అంతస్తు, వెనక నుంచి పసుపు చొక్కా, నెత్తిన బిందె, కుడిపక్క నుంచి దూలం. హీరోగారి ముఖం కనబడదు కాబట్టి సరేనని త్రిమూర్తులు గారు ఒప్పుకున్నాడు. హీరోకి వచ్చిన పీడకలగా పెట్టుకోమన్నాడు.

సినిమా విడుదలకి నన్ను భీమవరం తీసుకొచ్చారు. పాత సైకిల్ స్టాండు పక్కన కాదు, ఏకంగా హాలు గుమ్మం ముందు, రంగు కాగితాలంటించి. మార్నింగ్ షోకి వచ్చినవాళ్లందరూ ఆడుకోవచ్చని బోర్డు పెట్టారు. ఆడారు. స్విచ్చు అలాగే ఉంది కదా, బిందెగాడు ఎంతకీ చావలేదు. ఇద్దరు ముగ్గురు ఆడి, ఇంతేనా అనుకుని సమోసాల వైపు వెళ్లిపోయారు. నా జన్మలో అంత అవమానం లేదు.

మంగతాయారు గారు పట్టుచీర కట్టుకుని వచ్చింది. నా నెత్తి తడిమింది, వడియాలున్నాయేమో అన్నట్టు. లోపలికి వెళ్లింది. లింగం వెళ్లలేదు. నాకు ఆనుకుని బయటే నిలబడ్డాడు.

లోపల ఈలలు వినబడ్డాయి. పాట వచ్చింది, చప్పట్లు వచ్చాయి. తుపాకులు మోగాయి. లింగం గోళ్లు కొరుకుతూనే ఉన్నాడు. తర్వాత మంటల చప్పుడు. నేను గుర్తుపట్టాను. ఆ షాటు వచ్చింది.

ముందు ఒక ఆడగొంతు. “ఎడమకిరా, ఎడమకి!”

ఆ వెనకే హాలంతా. బట్టతలలొచ్చినవాళ్లు, పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్నవాళ్లు, ఒకప్పుడు నా ముందు నిలబడి చచ్చినవాళ్లందరూ, ఎడమకి, ఎడమకి అని. తలుపులు అదిరాయి. తెర మీదివాడికి ఆ కేకలు వినబడవు కదా. దూలం పడింది. కేకలు ఆగిపోయాయి. వెంటనే హీరో ఉలిక్కిపడి మంచం మీద లేచినట్టున్నాడు, పాట మొదలైంది. లింగం నా హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు.

షో వదిలాక మంగతాయారు గారు మెల్లగా బయటికొచ్చింది. లింగం ఎదురెళ్లాడు.

“ఎలా ఉంది పిన్నిగారూ?”

“బానే ఉందిరా. పాటలు బాగున్నాయి. ఆ పిల్ల చక్కగా ఉంది.” కొంగుతో మెడ తుడుచుకుంది. “మనవాడే లేడు. ఒక్కసారి కనబడ్డాడు. పలకరించేలోపే పోయాడు.”

లింగం నా వెనక్కి వచ్చి, తలుపు తీసి స్విచ్చు ఆపేశాడు. ముందుకొచ్చి ఆడటం మొదలెట్టాడు. మూడో అంతస్తులో చచ్చాడు. ఇన్నేళ్ల తర్వాత నా ఏడుపు రాగం వినబడేసరికి, మెట్లు దిగుతున్నవాళ్లు ఆగారు. తల ఓ పక్కకి వంచి లింగం మళ్లీ ఆడాడు, మళ్లీ చచ్చాడు. సమోసాలు తింటున్నవాళ్లు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. మంగతాయారు గారు కాసేపు చూసి, “నీ వల్ల కాదు గానీ జరుగు,” అని హ్యాండిలు తీసుకుంది. మ్యాట్నీకి వచ్చినవాళ్లు కూడా అక్కడే ఆగిపోయారని, ఆ రోజు మ్యాట్నీ గంట ఆలస్యంగా మొదలైందని నేనంటాను. హాలువాళ్లు పది నిమిషాలంటారు.

సినిమా ఆడింది, మరీ గొప్పగా కాదు. లింగానికి రెండో అవకాశం వచ్చింది. అందులో ఆటలేవీ లేవు. నన్ను హాలువాళ్లే అట్టిపెట్టుకున్నారు, ఇప్పటికీ ఆ గుమ్మం దగ్గరే ఉన్నాను. ఊరొచ్చినప్పుడల్లా లింగం వచ్చి కాసేపు చచ్చి వెళతాడు. పోయినసారి ఆరో అంతస్తు దాటాడు. అసలు ఆ మేడ మీద ఏముందో, వాడు ఎవరి కోసం ఎక్కుతున్నాడో చెప్పమని ఈ మధ్య కొత్తవాళ్లు అడుగుతుంటారు. నాకు తెలుసు, పెళ్లామో గేదో సొంతిల్లో. కానీ చెప్పను. చెబితే అది కూడా సినిమా అయిపోతుంది. వచ్చి హ్యాండిలు పట్టుకోండి. మూడో అంతస్తులో మాత్రం ఎడమకి.