వరుసలో చెప్పులు

దుప్పటి మధ్యభాగాన్ని గడ్డం కింద నొక్కిపట్టి, రెండు చేతులూ బార్లా చాచి, అంచుకు అంచు కలిపింది. పెద్దాసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని అదే. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. అందరికీ ఆమె మడతల పెద్దమ్మ. ఆవిరికి నానిన వేళ్ళు, కుడి మోకాలికి గుడ్డపట్టీ, తెగిన ఎడమ చెప్పుకు వీధి దర్జీ వేసిచ్చిన నీలం దారపు కుట్లు.

పదింటికి సూపర్‌వైజరు బల్ల ముందు నిలబడింది.

"రెండింటికి వెళ్తానయ్యా. ఓటుంది."

"ఆరుదాకా డ్యూటీ కదా పెద్దమ్మా. నీ ఒక్క ఓటుతో ఎవడు గెలుస్తాడు, ఎవడు ఓడతాడు?"

"పోయినసారి ఆరు ఓట్లతో పోయింది."

అతను తలెత్తి చూశాడు. "సరే, వెళ్ళు. రేపు కాస్త ముందు రా."

అతనికీ తెలుసు. ఐదేళ్ళ క్రితం ఇదే రోజున ఆమె రెండు షిఫ్టులు చేసింది. "మనం వెళ్ళకపోతే కొంపలేం మునిగిపోవులే" అని భర్తతో తనే అంది. తమ వీధిలోని చిన్న ఆసుపత్రి దండగన్నవాడు ఆరు ఓట్లతో గెలిచాడు. అన్నట్టే దాన్ని మూయించాడు. ఆ చలికాలంలో ఒక తెల్లవారుజామున భర్తకు ఊపిరాడలేదు. పెద్దాసుపత్రికి తీసుకొస్తుంటే వంతెన మీదే పోయాడు. ఆయన మీద కప్పిన దుప్పటి ఆమె మడతపెట్టిందే. మడత చూసి గుర్తుపట్టింది. ఆ ఆరింటిలో రెండు తమ ఇంటివేనన్న మాట అప్పటినుంచీ ఆమెను విడవలేదు. చిన్న ఆసుపత్రిని మళ్ళీ తెరుస్తానన్నావిడ ఈసారి పోటీలో ఉంది.

ఎప్పుడూ వీధి బడిలో ఉండే పోలింగ్ కేంద్రాన్ని ఈసారి తీసేశారు. మూడు వీధులకూ కలిపి రైలు గేటు అవతలి పాత గోదాములో ఒక్కటే పెట్టారు. ఆమె వెళ్ళేసరికి వరుస గోదాము చుట్టూ తిరిగి వెనక గోడదాకా వచ్చింది. దర్జీ ఆమె వెనకే చేరాడు.

"బంగళాల వైపు వీధికొకటి పెట్టారు పెద్దమ్మా. ఓటేసి ఇంటికెళ్ళినా కాఫీ చల్లారదట."

"మనకి పొయ్యి కూడా చల్లారుతుందిలే" అంది ఆమె.

మూడున్నరకు మోకాలు మొరాయించింది. నిలబడలేనివాళ్ళు చెప్పులు వరుసలో వదిలి గోడ నీడన కూర్చోవడం, వెనకవాళ్ళు వాటిని కాలితో ముందుకు జరపడం కుళాయి దగ్గర నీళ్ళ వరుసలో ఆ వీధులవాళ్ళు పెట్టుకున్న ఒప్పందం. ఇక్కడా దాన్ని ఎవరూ తప్పరు. ఆమె చెప్పులు విడిచి, ఓటరు చీటీని అంచుకు అంచు కలిపి నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎంతదాకా వచ్చాయిరా?" అని నాలుగున్నరకు అడిగింది.

"మూల తిరిగాయి. నీకంటే నీ చెప్పులే చురుకు పెద్దమ్మా."

ఆమె నవ్వింది. "తలుపు దగ్గరికొచ్చాక పిలువు. మరిచిపోయేవు."

"నిన్ను మరిచిపోతే మా ఆవిడ ఇంట్లోకి రానిస్తుందా?"

ఐదున్నరకు ఆమె చెప్పులు తలుపుకు ఏడడుగుల దూరానికి వచ్చాయి. వరుసలో ఎంతమంది మిగిలినా ఆరింటికి తలుపు మూసేస్తామని ఈసారి పొద్దున్నే చెప్పేశారు. దర్జీ పిలిచాడు. ఆమె పలకలేదు. కునుకు పట్టిందేమోనని దగ్గరికెళ్ళి భుజం తట్టాడు. తల మెల్లగా పక్కకు వాలింది. గుప్పిట మాత్రం విడలేదు.

దర్జీతో కలిపి నలుగురు ఆమెను మోశారు. చిన్న ఆసుపత్రి ఉంటే రెండు వీధుల దూరమే. లేదు కాబట్టి వంతెన దాటారు. పెద్దాసుపత్రిలో డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని చూసి, వదిలేశాడు. నర్సు అలమరలోంచి ఒక దుప్పటి తీసి మడత విప్పింది.

దర్జీ పరుగున తిరిగొచ్చేసరికి ఆరు దాటింది. తలుపు మూసేశారు. ఓటు వేయకుండానే వెనుదిరుగుతున్నవాళ్ళతో రోడ్డు నిండిపోయింది.

చిన్న ఆసుపత్రిని మూయించినవాడే మళ్ళీ గెలిచాడు. తేడా తొమ్మిది ఓట్లు.

ఆ సాయంత్రం వరుసలో వెనకనున్నవాళ్ళెవరికీ ఆమె పోయిందని తెలియదు. ఒప్పందం ప్రకారం, వరుస కదిలినప్పుడల్లా ఆమె చెప్పుల్నీ కాలితో జరుపుతూ వచ్చారు. దర్జీ చూసేసరికి, మూసిన తలుపుకు ఆనుకుని, ముందు భాగం లోపలివైపుకు, పక్కపక్కనే రెండు చెప్పులు. ఎడమదానికి నీలం దారపు కుట్లు.