పూర్వపక్షం కుర్చీ

నేను ఒక కుర్చీని. కుర్చీ అనగానే మీలో కొందరి కళ్ళు మెరిసే ఉంటాయి. దానికోసం మనుషులు అన్నదమ్ములని కూడా చూడకుండా కొట్టుకుంటారని నాకూ తెలుసు. కానీ నా సంగతి వేరు. నన్ను చూసి పారిపోయినవాళ్ళే ఎక్కువ. నాలో కూర్చోమంటే ఒకడికి ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చేది, ఇంకొకడికి లైబ్రరీ పుస్తకం తిరిగివ్వాలని గుర్తొచ్చేది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. నాకు ఇప్పుడు కావలసినంత తీరిక. తత్వశాస్త్ర విభాగాన్ని ఇంకో విభాగంలో కలిపేశాక నన్ను తెచ్చి ఈ పాత సామాన్ల గదిలో పడేశారు. పక్కన రెక్కలు లేని ఫ్యాను ఒకటి ఉంది గానీ, దానితో మాటలు సాగవు.

నాది వేపచెక్క. గుత్తిలో వీరాచారి అనే వడ్రంగి ఒక ప్లీడరు గారి కోసం నన్ను చేశాడు. కుడిచేతి మీద చక్కని పువ్వు చెక్కాడు. ఎడమచేతి మీద చెక్కేలోపే ప్లీడరు గారు బండి పంపించి తొందరపెట్టారు. అలా ఒంటి పువ్వుతోనే లోకంలోకి వచ్చాను. ప్లీడరు గారింట్లో నాలో కక్షిదారులు కూర్చునేవారు. వాళ్ళు పచ్చి అబద్ధాలేమీ చెప్పేవారు కాదు, పాపం. కానీ గట్టు తగాదా చెప్పుకునేవాడి నోట అవతలి పొలంవాడు పుట్టుకతోనే దుర్మార్గుడు. ఆ అవతలివాడు కూడా ఇంకో ప్లీడరింట్లో, ఇంకో కుర్చీలో కూర్చుని ఇదే మాట చెప్పి ఉంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళను అక్కడ చాలామందినే మోశాను.

ప్లీడరు గారు పోయాక ఆయన పుస్తకాలనూ నన్నూ ఇంట్లోవాళ్ళు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. పుస్తకాలు లైబ్రరీకి పోయాయి. నన్ను తత్వశాస్త్ర విభాగానికి పంపారు. అక్కడ విద్యార్థులు తక్కువ, కుర్చీలు ఇంకా తక్కువ. అలా దస్తగిరి సారు చేతిలో పడ్డాను.

ఆయన సన్నటి మనిషి. జేబులో ఎప్పుడూ వేయించిన వేరుశనగ గింజలు ఉండేవి. పిల్లలు మాట్లాడుతుంటే ఒక్కొక్కటే నములుతూ వినేవారు. ఎవరైనా మంచి మాట అంటే నమలడం ఆగిపోయేది. పిల్లలు మార్కుల కంటే ఆ ఆగడం కోసమే ఎక్కువ పాటుపడేవారు. ఆయన చెప్పేది తర్కం. గుర్తులూ సూత్రాలూ ఉండే తర్కం కాదు. టీ కొట్టులో, బస్సులో, పేపర్లో, ఇంట్లో మనుషులు ఒకరినొకరు ఒప్పించడానికి వాడే మాటలే ఆయన పాఠాలు. అందులో హేత్వాభాసాలని కొన్ని ఉంటాయి. చూడ్డానికి కారణాల్లా ఉండి, తట్టి చూస్తే డొల్లగా మోగేవి. కాకి వాలింది కాబట్టే తాటిపండు పడిందనడం ఒకటి. అందరూ అంటున్నారు కాబట్టి నిజమేననడం ఇంకొకటి.

ఈ పేర్లు తెలియగానే పిల్లలకు కోతికి కొబ్బరికాయ దొరికినట్టయ్యేది. మెస్సులో వంటమనిషితో, హాస్టల్లో వార్డెనుతో, సెలవులకు పోతే ఇంట్లో తాతయ్యలతో వాదనలే వాదనలు. ఎవరు నోరు తెరిచినా అందులో దోషం పట్టి ఒక పేరు తగిలించడమే. దస్తగిరి సారుకు ఇది నచ్చేది కాదు. అందుకే నన్ను తెచ్చి గది మధ్యలో వేశారు.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఎవరి మాటనైనా ఖండించాలంటే ముందు నాలో కూర్చోవాలి. కూర్చుని, ఆ ఎదుటి మనిషివి నువ్వే అయినట్టు, “నేను” అని మొదలుపెట్టి ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పాలి. అది విని ఎదుటి మనిషి “ఆఁ, అదే నా మాట” అనాలి. అప్పుడు లేచి నీ ఆక్షేపణ చెప్పుకో. పాతకాలం పండితులు దీన్ని పూర్వపక్షం అనేవారట. దాంతో నాకు పూర్వపక్షం కుర్చీ అని పేరొచ్చింది. తిట్టడం ఎవరికైనా వస్తుంది. తిట్టబోయే మనిషిలాగా ఒక నిమిషం మాట్లాడమంటే మాత్రం చెమటలు పట్టేవి. నా పేము అల్లిక అంతా ఆ కంగారుకే సాగిపోయింది.

ఒకరోజు యశ్వంత్ అనే చురుకైన కుర్రాడు హేత్వాభాసానికి ఉదాహరణగా సోది చెప్పడాన్ని తెచ్చాడు. “నూరు చెప్తారు సార్, ఒకటి తగుల్తుంది. తగిలింది గుర్తుంటుంది, తగలనివి మర్చిపోతారు,” అన్నాడు. మంచి మాటే. సారు నా వైపు చూపించారు. యశ్వంత్ కూర్చుని, గొంతు మార్చి, “నేను సోదెమ్మను. అమాయకులు దొరికితే మోసం చేస్తాను,” అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మూడో వరుసలో ఉండే రేణుక అందరికంటే గట్టిగా నవ్వింది.

“అది నీ మాట, ఆమె మాట కాదు,” అన్నారు సారు. “పొద్దున లేచి, ఈరోజు మోసం చేయడానికి పోతున్నానని ఎవరూ అనుకోరు నాయనా. ఇంకెవరైనా చెబుతారా?”

ఎవరూ లేవలేదు. గంట కొట్టారు. అందరూ పోయాక రేణుక ఒక్కతే వచ్చి నాలో కూర్చుంది. ఎంత తేలికగా ఉందో ఆ పిల్ల. అంత గట్టిగా నవ్విన పిల్ల ఇప్పుడు నా చేతులను ఒడిసిపట్టుకుంది.

“మా అమ్మ సోది చెప్తుంది సార్,” అంది.

సారు జేబులోకి పోబోయిన చెయ్యి ఆగింది.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు రేణుక, సోది అడగడానికొచ్చిన ఆడవాళ్ళ ముందే తల్లితో, “నువ్వు చెప్పేదంతా మోసం,” అనేసిందట. హేత్వాభాసాల పేర్లన్నీ వరసగా వల్లించిందట. తల్లి ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత కూడా అనలేదు. ఫోను చేస్తే చెల్లెలు ఎత్తి, అమ్మ పనిలో ఉందంటుంది.

“నేనన్నది తప్పు కాదు కదా సార్?”

“తప్పు కాదు. ముందు కుర్చీలో కూర్చోలేదు, అంతే. ఇప్పుడు కూర్చున్నావు కదా. చెప్పు, మీ అమ్మ సోది ఎందుకు చెబుతుంది?”

“తెలీదు సార్. ఎప్పుడూ అడగలేదు,” అంది. అని ఏడ్చింది. ప్లీడరింట్లో చాలామంది ఏడుపులు చూశాను గానీ, తనకు తెలీదని ఏడ్చిన మనిషిని చూడటం అదే మొదటిసారి. ఆ పిల్లంటే నాకు ప్రాణమైపోయింది.

“నువ్వు ఎంత బాగా చెప్పినా ‘అదే నా మాట’ అనడానికి నాకు హక్కు లేదమ్మా,” అన్నారు సారు. “అది అనగలిగిన మనిషినే పిలువు.”

రేణుక చెల్లెలి ద్వారా కబురు పంపింది. గెలవడానికి కాదు, అడగడానికి పిలుస్తున్నానని చెప్పమంది. పైవారం ఆమె తల్లి నాంచారమ్మ వచ్చింది. చేతిలో బుట్ట, కర్ర. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, తన బదిలీ ఎప్పుడవుతుందో సోది అడిగి మరీ లోపలికి పంపాడట. ముందు వరుస బెంచీ మీద, కూతురి వైపు చూడకుండా కూర్చుంది. గదిలో అందరూ ఉన్నారు. అందరి ముందు అన్న మాటకు అందరి ముందే అడుగుతానని రేణుకే పట్టుబట్టింది. ఈమె మా అమ్మ అని చెప్పి, నాలో కూర్చుంది.

“నేను నాంచారమ్మను. అమ్మవారు చెబుతుంది, నేను పలుకుతాను.”

నాంచారమ్మ తల అడ్డంగా ఊపింది. “అది కాదని చెప్పండి సారూ.”

“నేను నాంచారమ్మను. కష్టం చెప్పుకునే చోటు లేక ఆడవాళ్ళు నా దగ్గరికొస్తారు. వాళ్ళు చెప్పుకున్నదే మళ్ళీ వాళ్ళకు ధైర్యంగా చెబుతాను.”

“సగం, సారూ.”

రేణుక కాసేపు నా ఒంటి పువ్వును వేలితో రాస్తూ ఉండిపోయింది. “ఇంక నాకు తెల్దు మా. నువ్వే చెప్పు.”

అప్పుడు నాంచారమ్మ కూతురి మొహంలోకి చూసింది.

“ఆ పొద్దు నువ్వు అంతమందిలో మోసమంటివే, నాకు కోపం రాల్యా మే. భయమైంది. ఒక్కోసారి మాట దానంతట అదే నోటికొస్తాది. అమ్మవారు పలికిందనుకుంటా. ఒక్కోసారి రాదు. ఎదురుగా ఆయమ్మ ఏడుస్తా కూచోనుంటాది. ఏదో ఒకటి చెప్పి లేపల్ల కదా, చెప్తా. ఏది అమ్మవారిదో ఏది నాదో నాకే తెల్దు. నువ్వన్నదే నిజమేమోనని భయమైంది. ఇంక ఫోన్లో నీకేం చెప్పల్ల?”

యశ్వంత్ లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

“నేను నాంచారమ్మను,” అంది రేణుక. “ఏది అమ్మవారి మాటో ఏది నా మాటో నాకే తెలీదు. అయినా ఎదురుగా ఏడ్చే మనిషిని ఊరికే పంపలేను. కూతురు మోసమంటే అది నిజమేమోనని భయపడి, మాట్లాడలేకపోయాను.”

“ఆఁ,” అంది నాంచారమ్మ. “అదే నా మాట.”

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. పిల్లలూ అలాగే అనుకున్నారు. దస్తగిరి సారు మాత్రం మెల్లగా, “ఇప్పుడు లేచి నీ ఆక్షేపణ చెప్పు,” అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆయన మీద నాకు ఒళ్ళు మండింది. ఈ సమయంలో ఆక్షేపణేమిటి? కానీ రేణుక కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

“ఉంది సార్,” అని తల్లి వైపు తిరిగింది. “మా, ఏది ఏదో తెలీనప్పుడు తెలీదనే చెప్పు. బిడ్డకు జ్వరమని వస్తే ముందు ఆసుపత్రికి పొమ్మను. నూరులో ఒకటి తగిల్తే వాళ్ళు నీకు మొక్కి పోతారు. తగలనోళ్ళు యాడికి పోవల్ల?”

నాంచారమ్మ బుట్ట అంచును వేళ్ళతో తడుముతూ ఉంది.

“తెల్దంటే నా దగ్గరికి ఎవరొస్తారు మే?”

“నేనొస్తా మా,” అంది రేణుక.